ఇన్ని ప్రైవేటు చానళ్లుండగా ఆకాశవాణి, దూరదర్శన్ ఇంకా ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఊళ్లో మీ తాతగారు ఇప్పటికీ పొద్దున్నే రేడియో పెడతారు, గరగరలోనే వింటారు. ఇంట్లో ఇంకెవరూ ఆకాశవాణి వినరు, దూరదర్శన్ చూడరు. మరి ఇన్ని చానళ్లు, యూట్యూబ్ ఉండగా మన పన్నుల డబ్బుతో వీటిని ఎందుకు పోషించాలి? ఇవి సర్కారువా, స్వతంత్ర సంస్థలా? మూసేస్తే ఎవరికి నష్టం?

నేను ఆకాశవాణిలో ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్‌గా (ప్రసారాలు వేళకు సరిగ్గా సాగేలా చూసే ఉద్యోగం) చేరి, కోస్తాలోనూ తెలంగాణలోనూ మూడు కేంద్రాల్లో పనిచేసి రిటైరయ్యాను. నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది. ఆ మేరకు తరుగు తీసి చదువుకోండి.

సూటిగా జవాబు: మూసేయకూడదు. తనకు పైసా ఆదాయం తీసుకురాని శ్రోత కోసం కూడా దేశమంతటా పనిచేసి తీరాలని పార్లమెంటు చట్టం చేసి పెట్టిన ప్రసార సంస్థ ఇదొక్కటే. స్వతంత్రమా అంటే చట్టంలో అవును, జీతాల లెక్కలో కాదు. ఇక నష్టం సంగతి. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే ఎంత నష్టమో, దాన్ని నడుపుతూనే ఊళ్లోని స్టూడియోను ఖాళీ చేస్తే దాదాపు అంతే నష్టం. ఈ రెండోదాని గురించి ఎవరూ అడగరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు "ప్రైవేటువాళ్లు చూసుకుంటారు కదా" అన్న మాట. మన దేశంలో రేడియో మొదలైందే ప్రైవేటుగా. 1927 జులై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషన్ పెట్టింది, ఆగస్టులో కలకత్తాలో. రేడియో ఉన్నవాళ్లు ఏడాదికి 10 రూపాయల లైసెన్సు కట్టాలి, అందులో పెద్ద వాటా కంపెనీకి. కొన్నవాళ్లు కొద్దిమంది, వాళ్లలోనూ లైసెన్సు ఎగ్గొట్టినవాళ్లు బోలెడుమంది. మూడేళ్లు తిరక్కుండానే, 1930లో కంపెనీ చేతులెత్తేసింది. అప్పుడు ప్రభుత్వం తీసుకుంది. 1936 జూన్ 8 నుంచి దాని పేరు ఆలిండియా రేడియో. ఆకాశవాణి అన్న పేరు అంతకు ముందే, 1935లో మైసూరులో పుట్టింది. గోపాలస్వామి అనే ప్రొఫెసర్ తన ఇంట్లో పెట్టుకున్న చిన్న స్టేషన్‌కు ఆ పేరు వాడారు. మన వైపు నైజాంలో డెక్కన్ రేడియో ఉండేది. దాన్ని 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిపారు. మద్రాసు స్టేషన్ 1938 నుంచి తెలుగు కార్యక్రమాలు వేస్తుండేది. విజయవాడ 1948 డిసెంబరు 1న మొదలైంది.

ప్రభుత్వానిదా, కాదా? దీనికి అవునో కాదో తేల్చి చెప్పడం కష్టం. ఎమర్జెన్సీలో ఆకాశవాణి, దూరదర్శన్ పూర్తిగా అధికార పార్టీ బాకాలైపోయాయి. ఆ సిగ్గులోంచే 1978లో వర్గీస్ కమిటీ స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ కావాలని చెప్పింది. చట్టం 1990లో వచ్చింది. వచ్చి ఏడేళ్లు బీరువాలో నిద్రపోయింది. 1997 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చి, నవంబరు 23న ఆకాశవాణి, దూరదర్శన్ రెండింటినీ నడిపే ప్రసార భారతి ఏర్పడింది. మధ్యలో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో ఒక ముఖ్యమైన మాట అంది: ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి. ఆ బెంచిలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా తీర్పు రాశారు. గుత్తాధిపత్యం ప్రభుత్వం చేతిలో ఉన్నా ప్రమాదమే, ప్రైవేటు చేతిలో ఉన్నా ప్రమాదమే అన్నది దాని సారం. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా సలహా అడిగితే ముందు ఆ తీర్పు చదవమంటాను.

ప్రసార భారతి బోర్డు చైర్మన్‌ను, సభ్యులను ఎంపిక చేసేది ముగ్గురి కమిటీ: రాజ్యసభ చైర్మన్, ప్రెస్ కౌన్సిల్ చైర్మన్, రాష్ట్రపతి నామినేట్ చేసిన ఒకరు. చదివితే బాగానే ఉంటుంది. కానీ జీతాలు సమాచార, ప్రసార శాఖ ఇచ్చే గ్రాంటు నుంచి రావాలి. గ్రాంటు ఇచ్చేవాడు ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండగలిగే ఆఫీసరు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. బ్రిటన్‌లో టీవీ చూసే ఇళ్లు ఏటా లైసెన్సు ఫీజు కడతాయి, అందులోంచే బీబీసీ ప్రధానంగా నడుస్తుంది. మనకూ ఆ పద్ధతి ఉండేది. రేడియో కొంటే పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు తీసుకుని ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. మా నాన్నగారి లైసెన్సు పుస్తకం ముద్రలతో సహా నా బీరువాలో ఉంది. 1980ల నడుమ ఆ లైసెన్సు ఎత్తేశారు, జనం సంతోషించారు. శ్రోతకూ సంస్థకూ మధ్య ఉన్న ఒకే ఒక్క డబ్బు ముడి కూడా ఆ రోజుతో తెగిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి: ఎవరికి ఉపయోగం?

ఒక రాత్రి గురించి చెప్తాను. 1990 మే 8. నేను కోస్తాలో ఒక కేంద్రంలో డ్యూటీ ఆఫీసర్ని. మామూలుగా రాత్రి పదకొండు దాటాక మూడో ప్రసారం ముగించి తాళాలు వేయాలి. ఆ రోజు ముగించలేదు. విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి ఫోన్‌లో బులెటిన్ చెప్తుంటే నేను తెల్లకాగితం మీద రాసుకోవడం, అనౌన్సర్ దాన్ని పావుగంటకోసారి చదవడం. ఊరంతా కరెంటు పోయింది. మేం జనరేటర్ మీద ఉన్నాం, డీజిల్ ఎంత ఉందో అరగంటకోసారి పుల్ల ముంచి చూస్తున్నారు. చదవడానికీ ఒక పద్ధతి ఉండేది. మండలం పేర్లు ఒక్కొక్కటిగా, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఎడంతో. ప్రమాద సూచిక నంబరు రెండుసార్లు. "తీవ్రమైన", "పెను" లాంటి మాటలు గొంతులో వణుకు లేకుండా. మా అనౌన్సర్ తెల్లవారుజాము మూడింటికి గొంతు పోయి, గ్లాసులో వేణ్నీళ్లు పెట్టుకుని లాక్కొచ్చింది. నెల తరవాత ఒక బెస్తాయన కేంద్రానికి వచ్చి గేటు దగ్గర అడిగాడు, "బోటు తియ్యొద్దన్న గొంతు ఎవరిదండీ?" అని. ఆవిడ బయటికొస్తే ఏమీ అనలేదు, చేపలు తెచ్చి ఇచ్చి వెళ్లిపోయాడు. ఆవిడ శాకాహారి, అది వేరే కథ.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది పోయారు. 1990 తుపాను కూడా చాలా బలమైనదే, పోయినవాళ్లు వెయ్యిలోపు. ఈ తేడా అంతా రేడియో పుణ్యమేనంటే అబద్ధం. ముందే లక్షలమందిని ఖాళీ చేయించారు, రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. కానీ కరెంటు పోయి ఫోన్లు తెగిన ఊళ్లో, రెండు బ్యాటరీల సెట్టు చెప్పే మాట మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు సెల్‌ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, నిజమే. టవర్ పడిపోతే రాదు. విశాఖలో 2014లో హుద్‌హుద్ తరవాత ఫోన్ల సంగతి ఏమైందో అక్కడున్నవాళ్లను అడగండి.

"ఎవరు వింటున్నారు" అంటారా? నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చేరిన కొత్తలో ఒకరోజు రైతుల కార్యక్రమంలో క్యూ షీట్ (ఏది ఎప్పుడు వేయాలో రాసిన కాగితం) సరిగ్గా చూసుకోకుండా, పోయిన వారం వేసిన స్పూలే (టేపు చుట్ట) మళ్లీ వేసేశాను. పత్తికి మందు మోతాదు గురించిన ప్రసంగం అది. నేను గమనించలేదు, కంట్రోల్ రూమ్‌లో ఇంజినీరూ గమనించలేదు. మూడు రోజుల్లో పదకొండు కార్డులు వచ్చాయి. ఒకాయన రాసింది నాకిప్పటికీ గుర్తు: "అయ్యా, ఈ మందు పోయిన మంగళవారమే కొట్టితిమి. మళ్లీ కొట్టమంటారా?" లాగ్‌బుక్‌లో నా పేరు ఎర్ర సిరాతో ఎక్కింది. రైతులు ఉత్తరాల్లో మచ్చలొచ్చిన ఆకు మడిచి పెట్టి పంపేవారు. దాన్ని వ్యవసాయ శాస్త్రవేత్తకు చూపించి, తరవాతి వారం పేరుతో సహా జవాబు చెప్పేవాళ్లం. వరి కొత్త వంగడాలు వచ్చిన 1960ల్లో తంజావూరు వైపు ఏడీటీ-27 రకాన్ని, రేడియోలో విని వేసింది కాబట్టి, "రేడియో వరి" అనే పిలిచారట. యూట్యూబ్‌లో వ్యవసాయం వీడియోలు ఇప్పుడు కుప్పలు, కొన్ని చాలా బాగుంటాయి కూడా. కానీ మందు కంపెనీ డబ్బిచ్చి చేయించిన వీడియో ఏదో, కానిదేదో రైతుకు చెప్పేదెవరు?

ఇంకో ఉపయోగం కళాకారులకు. ఆకాశవాణి ఆడిషన్‌లో పాడేవాళ్లు ఎవరో జడ్జీలకు కనిపించకూడదని, పేరు తెలియకూడదని పద్ధతి. పాటను బట్టి బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడులు. పల్లెటూరి నాదస్వర విద్వాంసుడి బోర్డు మీదా హరికథ కరపత్రం మీదా "ఆకాశవాణి కళాకారులు" అని ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ మాటకు విలువ రావడానికి ఈ పద్ధతే కారణం. బాలమురళీకృష్ణ, రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు లాంటివాళ్లు విజయవాడ కేంద్రంలో ఉద్యోగులుగా పనిచేశారు. భక్తిరంజని తెలుగువాళ్ల ఇళ్లలో కాఫీతో పాటు అలవాటైంది వాళ్ల చలవే. ఉషశ్రీ గారి పురాణ ప్రసంగం వచ్చే వేళకు వీధిలో నడిచిపోతూ ఒక్క వాక్యం కూడా పోకుండా వినొచ్చనేవారు, ప్రతి ఇంట్లోనూ అదే కాబట్టి. హైదరాబాద్‌లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల కార్యక్రమం నడిపారు. అక్కడ మొదటిసారి మైకు ముందు నిలబడ్డవాళ్లలో ఎంతమంది తరవాత పెద్ద పేర్లయ్యారో లెక్కలేదు. ఆదిలాబాద్ కేంద్రం గోండి భాషలోనూ కార్యక్రమాలు వేసింది. గోండిలో ప్రకటన ఇచ్చే సబ్బుల కంపెనీ నాకు తెలిసి లేదు.

ఇక తప్పులు. పొగిడి వదిలేస్తే నిజాయితీ అనిపించుకోదు.

ఒకటి, "శ్రోతకు ఏది మంచిదో మేమే తేలుస్తాం" అన్న పెద్దరికం. 1952లో సమాచార, ప్రసార మంత్రి కేస్కర్ సినిమా పాటలను దాదాపు వెళ్లగొట్టారు. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ఆ పాటలనే వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. హార్మోనియంను కూడా 1940 నుంచి మూడు దశాబ్దాలు స్టూడియోలోకి రానివ్వలేదు! సురభి నాటకాలు, భజన గోష్ఠులు చూసి పెరిగిన తెలుగువాడికి ఇదెంత విడ్డూరమో.

రెండు, వార్తలు. ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చు. అంటే రేడియోలో వార్తలకు దేశం మొత్తానికి ఒకే గొంతు, దానికి జీతం ఇచ్చేది ప్రభుత్వం. ఇది ఎత్తేయాలనే నా అభిప్రాయం, సర్వీసులో ఉన్నప్పుడూ ఇదే అనేవాణ్ని. మా వార్తల్లో అరుపులు ఉండవు, పుకార్లు ఉండవు, అది నిజమైన గొప్పే. కానీ మంత్రిగారి శంకుస్థాపన మూడో వార్తగా ఎందుకొచ్చిందో శ్రోతకు తెలుసు, మాకూ తెలుసు.

మూడు, దూరదర్శన్. దాని గురించి తక్కువ రాస్తున్నానంటే కారణం ఉంది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది, 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుంచి విడిపోయింది. ఆ విడిపోయే రోజుల్లోనే, 1975-76లో, ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు పాఠాలు, వ్యవసాయం చూపించిన సైట్ ప్రయోగం జరిగింది. అందులో మన ఊళ్లూ ఉన్నాయి. కరెంటు సరిగా లేని ఊళ్లో గొడుగులాంటి యాంటెన్నా, పంచాయతీ అరుగు మీద టీవీ. నా దృష్టిలో దూరదర్శన్ తన పని తనకు బాగా తెలిసి చేసిన కాలం అదే. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. 1983 నవంబరు 14న తెలుగు వార్తలు మొదలుపెట్టిన శాంతిస్వరూప్ గారు టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలు బట్టీపట్టి కెమెరాలోకి చూస్తూ చెప్పేవారు. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్‌ది యాదగిరి, విజయవాడది సప్తగిరి అయ్యాయి. ప్రైవేటు చానళ్లు వచ్చాక మాత్రం వాటిలా ఉండబోయి వాటిలా ఉండలేక, తనలానూ మిగల్లేక నలిగిపోయింది. రేడియోకు ఆ గతి పట్టలేదు, బహుశా దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోకపోవడం వల్లే.

దూరదర్శన్ చేసిన ఒక మంచి పని మాత్రం జనం గుర్తించరు: ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో మొదలైంది. డిష్, బాక్స్ ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టేదేం లేదు. తమాషా ఏమిటంటే దానిమీద జనం ఎక్కువగా చూసేది ప్రైవేటు చానళ్లే, వాటికి వేలంలో చోటు అమ్మి దూరదర్శన్ డబ్బు సంపాదిస్తుంది. క్రికెట్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు: కేబుల్‌లో దూరదర్శన్ పెడితే మ్యాచ్ రాదు, ఫ్రీ డిష్‌లో వస్తుంది, ఎందుకని. 2007 చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రైవేటు చానల్ ప్రసార భారతికి ఇవ్వాలి, ప్రకటనల ఆదాయం టీవీకైతే 75:25గా పంచుకోవాలి, పెద్ద వాటా ఆ చానల్‌దే. కానీ ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన సొంత ట్రాన్స్‌మిటర్లలో, ఫ్రీ డిష్‌లో మాత్రమే చూపాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక ముందు చెప్పిన రెండో నష్టం, ట్రాన్స్‌మిటర్ నడుస్తూనే స్టూడియో ఖాళీ కావడం. ఒక కేంద్రం అంటే టవర్ కాదు. ఆ జిల్లా యాస తెలిసిన అనౌన్సర్, మార్కెట్ యార్డుకు ఫోన్ చేసి ధరలు రాసుకునే మనిషి, బుర్రకథ దళాన్ని వెతికి పట్టుకొచ్చే ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్, బయటి కార్యక్రమాలను ప్రసారం చేసే ఒక ఓబీ వ్యాన్. వీళ్లు రిటైరవుతుంటే ఖాళీలు నింపడం తగ్గిపోయింది. క్యాజువల్ అనౌన్సర్లతో నెలకు ఇన్ని డ్యూటీలని నెట్టుకొస్తారు. అదీ కుదరకపోతే ఇంకో చోటి కార్యక్రమం రిలే చేస్తారు. రిలే అంటే ఒక స్విచ్ నొక్కడమే, ట్రాన్స్‌మిటర్ పనిచేస్తూనే ఉంటుంది, లెక్కల్లో కేంద్రం బతికే ఉంటుంది. కానీ గోదారికి వరద వచ్చిన పూట లంక గ్రామాల పేర్లు చదివేవాడు ఉండడు. 2019 జనవరిలో హైదరాబాద్‌తో సహా 5 ప్రాంతీయ శిక్షణ అకాడమీలు మూసేయాలని నిర్ణయించారు. 2023లో 2,539 కోట్ల రూపాయల పథకం ఒకటి ప్రకటించారు. అందులో ట్రాన్స్‌మిటర్లు, పరికరాలు, మారుమూల ఇళ్లకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు ఉన్నాయి. మంచిదే. ఆ ట్రాన్స్‌మిటర్లలోంచి ఏం పంపుతారన్నది వేరే ప్రశ్న. కాబట్టి మీరు ప్రజాప్రతినిధినో అధికారినో అడిగే అవకాశం వస్తే "ఎందుకు మూయట్లేదు" అని కాకుండా, "మా జిల్లా కేంద్రం రోజుకు ఎన్ని గంటలు సొంతంగా ప్రసారం చేస్తోంది?" అని అడగండి. జవాబు అంకెల్లో చెప్పక తప్పని ప్రశ్న అది.

ఇక మీ తాతగారి గరగర. మీడియం వేవ్‌కు ఆ సెట్టు లోపల ఒక నల్లటి కడ్డీ యాంటెన్నాగా ఉంటుంది. అది స్టేషన్‌కు అడ్డంగా ఉంటేనే బాగా పట్టుకుంటుంది. స్టేషన్ పెట్టి, సెట్టును చదునుగా ఉంచి మెల్లగా గుండ్రంగా తిప్పమనండి, ఒక చోట గొంతు గట్టిగా వస్తుంది. పైకి లాగే కడ్డీ ఎఫ్‌ఎంకు, షార్ట్‌వేవ్‌కు మాత్రమే, దాన్ని ఎంత లాగినా మీడియం వేవ్‌కు లాభం లేదు. తరవాత గదిలో ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జరు ఒక్కొక్కటి తీసి చూడండి. సగం గరగర వాటిదే. చౌకరకం చార్జరు ప్లగ్‌లో ఉంటే చాలు, ఫోన్ పెట్టకపోయినా గోల చేస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ స్టేషన్ ఎఫ్‌ఎంకు మారిందేమో చూడండి, చాలా చోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఆపుతున్నారు. ఎఫ్‌ఎం శుభ్రంగా వినిపిస్తుంది కానీ దూరం పోదు, అరవై డెబ్బై కిలోమీటర్లు దాటితే కష్టం. మీ ఊరు అంతకన్నా దూరమైతే మీ ఫోన్‌లో న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్ వేసి పొద్దున ఆయన పక్కన పెట్టండి. అలవాటైన ముల్లు తిప్పుడు లేదని రెండు రోజులు విసుక్కుంటారు, భక్తిరంజని మొదలయ్యాక ఊరుకుంటారు.